కాలికి కట్టిన రాళ్ళు

రెండువేల నాలుగు ఎండాకాలంలో నేను రెండు కోచింగులు తీసుకున్నాను. ఒకటి నంద్యాలలో, ఎంసెట్ రాయడానికి. రెండోది ఆళ్ళగడ్డలో మా ఇంటి వాకిట్లో, కుంటడానికి. మొదటిదాంట్లో నాకు పాఠాలు చెప్పినవాళ్ళు ఆరుగురు. రెండోదాంట్లో ఒక్కతే, మా అమ్మ నాగేశ్వరమ్మ. ఎవరు బాగా నేర్పారంటే మాత్రం నేను మా అమ్మ పేరే చెప్తాను.

నా ఎడమకాలు పోలియో కాలు. ఏడాదిన్నర పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చిందట, జ్వరం దిగేసరికి కాలు వాలిపోయిందట. నాలుగేళ్ళప్పుడు నంద్యాలలో ఏదో క్యాంపు పెడితే అమ్మ నన్ను చంకనేసుకొని పోయింది. అక్కడున్న మగడాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి, అరవై శాతం వైకల్యం అని కాగితం రాసిచ్చి, ఇంతేనమ్మా అన్నాడు. ఆయన పక్కనున్న ఆడడాక్టరు మాత్రం నేలమీద చాప పరిచి కూర్చుంది. కాలు ఎట్లా ఎత్తించాలో, బరువు కట్టి ఎట్లా చాపించాలో అమ్మకు గంటసేపు చేసి చూపించింది. ఆమె పేరేమిటో అడగడం అమ్మ మరిచిపోయింది. ఆ సంగతి తలచుకొని ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

ఆ రోజు ఇంటికి రాగానే కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున పడేసి, నాయనతో ఒకటే మాట అనిందట. "దీన్ని నడిపిస్తా. నడిపిచ్చి ఆయమ్మ మాదిరి డాక్టర్ను చేస్తా."

మా నాయన ఓబులాచారి శిల్పి. ఆళ్ళగడ్డలో దేవుళ్ళను చెక్కే ఇళ్ళు చాలా ఉన్నాయి, వాటిల్లో మాది చిన్నది. కాలికి ఇసుకసంచి కట్టమని డాక్టరమ్మ చెబితే నాయన ఇసుకసంచి కుట్టించలేదు, రాయి చెక్కాడు. చీలమండకు ఒత్తుకోకుండా లోపలివైపు గుంట తీసి, గుడ్డపేలిక దూర్చి కట్టడానికి రెండు బెజ్జాలు పెట్టి, నున్నగా అరగదీసి ఇచ్చాడు. మొదటి రాయి పావుకిలో. ప్రతి ఉగాదికి ఇంకో పావుకిలో పెంచి కొత్త రాయి. పండగనాడు మా వీధి పిల్లలకు కొత్త గౌన్లు వచ్చేవి. నాకు గౌనుతోపాటు రాయి కూడా వచ్చేది. ఇంటర్లో చేరేనాటికి గోడవారగా పదమూడు రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. చివరిదాని బరువు మూడుంబావు కిలోలు.

రోజూ తెల్లవారగానే అమ్మ ఆ రాయి కట్టి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చునేది. నేను కాలు చాపాలి. సగానికి వచ్చి కాలు వణకడం మొదలవుతుంది. అప్పుడు అమ్మ గొంతు తగ్గించి అనేది, "ఇంగా... ఇంగొంచెం..." ఆ మాట వింటే నా కాలు నా మాట వినడం మానేసి ఆమె మాట వినేది. పైకి పోయేది. వీధిలో పోయేటప్పుడు అమ్మ ఎప్పుడూ నా వెనకే నడిచేది, నా నడక చూస్తూ. కాస్త ఒరిగితే చాలు, వెనకనుంచి చిన్నగా ఒక మాట వచ్చేది. "సరిగ్గా." అంతే. నేను సరిగ్గా అయిపోయేదాన్ని.

ఎడమకాలు అంగుళం పొట్టి. దానికి నాయన ఎడమచెప్పు అడుగున తేలికైన కొయ్య అతికించి, రంగు వేసి, కుడిచెప్పుతో సమానంగా కనపడేటట్టు చేసేవాడు. అట్లా ముగ్గురం కలిసి నా కాలిని దాచిపెట్టాం. వికలాంగుల బస్సుపాసు తీసుకోండమ్మా అని ఎవరైనా అంటే అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చేది. "ఏందీ? మా పిల్లకేమైంది?" అని ఫుల్ టికెట్టు కొట్టించేది. పదో తరగతి అయ్యేసరికి మా వీధిలో సగంమందికి నా కాలి సంగతి గుర్తులేదు. నాక్కూడా లేదనే చెప్పాలి.

కాలు దారికొచ్చింది గానీ చదువు దారికి రాలేదు. ఆళ్ళగడ్డలో తెలుగు మీడియంలో బాగానే చదివేదాన్ని. నంద్యాలలో ఇంగ్లీషు మీడియం బైపీసీలో వేస్తే, మొదటి ఏడు నాకు క్లాసులో అర్థమైంది హాజరు పిలిచే పేర్లు మాత్రమే. ఫిజిక్స్ తప్పాను. సప్లిమెంటరీలో గట్టెక్కాను. మొదటిసారి ఎంసెట్ రాస్తే ముప్పై ఒక్క వేల చిల్లర ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుతో డాక్టరు సీటు సంగతి పక్కన పెట్టండి, పశువుల డాక్టరు సీటు కూడా నావైపు చూడదు. అమ్మ నిరాశపడలేదు. నాలుగేళ్ళ పిల్ల లేచి నడవదని చెప్పినవాళ్ళను చూసినామె, ర్యాంకుకు భయపడుతుందా? మళ్ళీ నంద్యాలలోనే లాంగ్‌టర్మ్ కోచింగులో చేర్పించింది.

ఆ ఏడాది నేను నిజంగా చదివాను. హాస్టల్లో వంట చేసే కృపమ్మ, "ఇట్ల చదివితే కండ్లు పోతాయి పాపా" అని మజ్జిగ గ్లాసు తెచ్చి పుస్తకం మీదనే పెట్టేది. ముప్పై వేలల్లో ఉన్నదాన్ని కోచింగు పరీక్షల్లో మెల్లగా పైకి పాకాను. పదివేలు, ఎనిమిది వేలు, ఏడు వేలు. అక్కడ ఆగిపోయాను. ఎంత చదివినా అంతే. పునాది పల్చన అని నాకు తెలుసు, మా సార్లకూ తెలుసు.

మార్చి మొదటివారంలో బోటనీ చెప్పే శ్రీనివాసులు సార్ క్లాసు మధ్యలో బయటికి పోయి, చేతిలో ఒక చెప్పు పట్టుకొని లోపలికి వచ్చాడు. మేం చెప్పులు బయట విడిచి క్లాసులో కూర్చునేవాళ్ళం. ఆయన చేతిలో ఉన్నది నా ఎడమచెప్పు.

"ఇది ఎవరిది?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. తల దించుకొని నోట్సులో ఏదో గీతలు గీశాను. సార్ ఇంకో మాట అడక్కుండా చెప్పును తీసుకుపోయి, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి వచ్చి పాఠం చెప్పాడు. క్లాసయ్యాక అందరూ పోయేదాకా నేను బెంచీలోంచి లేవలేదు. లేచి బయటికొస్తే ఆయన వరండాలో, మిగిలిపోయిన నా ఒక్క జత దగ్గర నిలబడి ఉన్నాడు.

"భ్రమరాంబికా, అప్లికేషన్‌లో పీహెచ్ కాలమ్ కాడ నో అని రాసినావు. ఏమ్మా?"

"నాకు బాగానే ఉంది సార్."

"బాగానే ఉంది. సంవత్సరం నుంచి చూస్తాండా, నాకే తెలీలేదు. తెలీకపోవడం కాదమ్మా ఇప్పుడు కావాల్సింది." ఆయన గొంతు తగ్గించాడు. "నీకు ఆరు వేల కాడ వస్తుంది. నాకు తెలుసు. ఆరు వేలకు మామూలుగా సీటు రాదు. అంగవైకల్యం కోటాలో ఐతే నీ పేరు మొదటి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. కాగితం ఉందా?"

ఉందన్నాను. ఆ కాగితం ఉందని బయటివాళ్ళకు చెప్పడం అదే మొదటిసారి.

ఆ శనివారం ఆళ్ళగడ్డకు పోయి చెప్పాను. నాయన ఉలి కింద పెట్టి, చేతులకున్న రాతిపొడి దులుపుకున్నాడు.

"పెట్టెలో కాగితం తియ్యి," అన్నాడు అమ్మతో.

"యా కాగితం?"

"యా కాగితమో నీకు తెలీదా?"

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. "పద్నాలుగేండ్లు దాచినా. పాసు ఇస్తామన్యా తీసుకోలే. ఇప్పుడు పొయ్యి నా బిడ్డ కుంటిదని రాసియ్యల్నా?"

"రాతిలో పగులుంటే కొనేవానికి ముందే చెప్తాం. దాంట్లో సిగ్గేముండాది?"

"నా బిడ్డ రాయి కాదప్పా. అయినా పగులుండే రాతిని నువ్వేం చేస్తావో నేను చూల్లేదా? దేవుణ్ణి చెక్కుతావా దాన్ని? మెట్టుకు వేస్తావు."

నాయన మళ్ళీ ఉలి చేతికి తీసుకున్నాడు. అమ్మ మూడు రోజులు మా ఇద్దరితో మాట్లాడలేదు. అన్నం పెట్టడం, గిన్నెలు తీయడం అంతా శబ్దంతోనే. నాలుగోరోజు నేను నంద్యాల బస్సెక్కడానికి సంచి సర్దుకుంటుంటే వచ్చి, నా పుస్తకాల మధ్య ఒక కాగితం పెట్టింది. పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర పురుగు కొట్టి ఉంది.

"డాక్టరు అవుతావంటే యేమన్నా రాసుకో పో," అంది. నా ముఖంలోకి చూడలేదు.

మే నెలలో పరీక్ష రాశాను. బాగా రాశాను. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే, శ్రీనివాసులు సార్ నా మాట సగంలో ఆపి ఇంకో సంగతి చెప్పాడు. విజయవాడలో కౌన్సెలింగ్ దగ్గర డాక్టర్ల బోర్డు ఉంటుందట. పాత కాగితాలు ఏమున్నా వాళ్ళు మళ్ళీ చూస్తారట. చూసి శాతం వేస్తారట. నలభైకి తక్కువ వేస్తే కోటా లేదట. "నడిపిస్తారమ్మా. నువ్వు నడిస్తే ఎవరికీ అనుమానం కూడా రాదు. అదే నా భయం," అన్నాడు.

ఎస్టీడీ బూతులో నా పక్కనే నిలబడి రిసీవరుకు చెవి ఆనించి అంతా విన్నది అమ్మ. వాకిట్లోకి రాగానే, "చెప్పులు విడువు," అంది. విడిచాను.

"ఏదీ, కుంటు."

నడిచాను. చెప్పు లేకపోయినా నా నడుము దానంతటదే సర్దుకుంది. ఎడమమడమ కాస్త పైకి లేచింది. ఎవరు చూసినా ముల్లు గుచ్చుకున్న పిల్ల అనుకుంటారేమో గానీ అంతకంటే ఏమీ అనుకోరు.

"అది కుంటడం కాదు."

"నాకు కుంటడం రాదుమా," అన్నాను. నవ్వొచ్చింది నాకు. అమ్మకు రాలేదు.

అమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుంది. ఎడమచేతిని ఎడమమోకాలి పైన ఆనించి, ఒక పక్కకు ఒరిగి, కాలును ఈడ్చుకుంటూ, ప్రతి అడుగుకూ తల ఎగరేస్తూ వాకిలి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడిచింది. అక్కడ తిరిగి మళ్ళీ నడిచి వచ్చింది. ఆమె ఎవర్నీ అనుకరించడం లేదని నాకు మెల్లగా అర్థమైంది. అది నేను. ఐదేళ్ళప్పటి నేను. ఒక్క అడుగు కూడా మరిచిపోలేదు ఆమె. నాయన ఉలిదెబ్బ ఆగిపోయింది. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇట్ల నడుస్తాంటివి. ఇట్ల నడువు," అంది అమ్మ.

"ఉండేది చెప్పమన్యా గానీ లేనిది చూపియ్యమనలే నేను," అన్నాడు నాయన, అటు తిరిగే.

"లేనిదేంది? ఉండింది గదా. నేనే తీసేసినా. నేనే మళ్ళా పెడ్తాండా. మధ్యలో నీకేం కష్టం?"

అట్లా మొదలైంది రెండో కోచింగు. పొద్దున గంట, సాయంత్రం గంట. రాళ్ళు కట్టడం మానేశాం. పదమూడు రాళ్ళూ గోడవారగా ఊరికే నిలబడి ఉండేవి. అమ్మ ఒళ్ళు దాచుకోకుండా నడవడం ఎట్లా నేర్పిందో అట్లాగే కుంటడమూ నేర్పింది. "చెయ్యి మోకాలి మీదికి రావల్ల. ముందు చెయ్యి, ఆమీట కాలు. నడుము అంత బిగపట్టగాకు, వదిలెయ్." వదలడం ఎంత కష్టమో నాకప్పుడు తెలిసింది. బిగబట్టుకొని బతికిన ఒళ్ళు వదిలెయ్యమంటే వదుల్తుందా? పదిరోజులకు నడుం నొప్పి పట్టుకుంది. మంచికాలే నొప్పిపుట్టింది. అయినా వచ్చేసింది. నాలుగో వారానికి చెయ్యి దానంతటదే మోకాలి మీదికి పోయేది.

మధ్యలో ఒక తమాషా. పాలకోసం వీధిలోకి పోయినప్పుడు నేను మరిచిపోయి కుంటుతూ నడిచాను. ఎదురింటి జయమ్మ చూసి పరుగున వచ్చింది. "ఏమ్మే, కాలు బెణికిందా? యాడ పడినావు?" అని, నేనేమీ చెప్పేలోగా వేడి నువ్వులనూనె గిన్నెతో మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. కాలు చాపమంది. పద్దెనిమిదేళ్ళుగా ఎదురింట్లో ఉన్న మనిషి. నా పిక్క చూసి చెయ్యి ఆపేసింది. అమ్మవైపు చూసింది. అమ్మ నూనెగిన్నె ఆమె చేతిలోంచి తీసుకొని, "నేను రుద్దుతాలే జయమ్మా, నువ్వు పో," అంది. ఆ రోజు సాయంత్రం అమ్మ కోచింగు పెట్టలేదు. ఆ రాత్రికి అన్నం కూడా తినలేదు.

జూన్‌లో ర్యాంకు వచ్చింది. ఐదువేల తొమ్మిదివందల నలభై. సార్ చెప్పినట్టే. మామూలు సీటుకు అందదు, కోటాలో దాటిపోదు. నాయన శనగపప్పు బెల్లం కొని వీధిలో పంచుదామన్నాడు. "సీటు రానీ," అంది అమ్మ. అంటూనే ట్రంకుపెట్టె తెరిచి, ఎప్పుడు కొని పెట్టిందో ఏమో, తెల్లటి టెరికాటన్ గుడ్డ తీసి నా భుజాల మీద వేసి కొలత చూసింది. కోటు కుట్టించడానికి. అప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయమేసింది. ముప్పై వేల ర్యాంకు వచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు.

జూలైలో ముగ్గురం పొద్దున్నే నంద్యాలలో రైలెక్కి సాయంత్రానికి విజయవాడ చేరాం. సత్రంలో దిగి, మర్నాడు బోర్డు దగ్గరికి పోయాం. నాకు చదునుగా ఉన్న హవాయి చెప్పులు కొనిచ్చింది అమ్మ. కొయ్య అతికించిన చెప్పుల జత నాయన తన సంచిలో పెట్టుకున్నాడు.

వరండాలో మావంటివాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. మా పక్కన వెలుగోడు నుంచి వచ్చిన సంధ్య అనే పిల్ల కూర్చుంది. మా జిల్లావాళ్ళమని తెలిసి పలకరించింది. ఎడమకాలికి తొడదాకా ఇనపకడ్డీలు, తోలు పట్టీలు. "నాది పద్దెనిమిది వేలు అక్కా. మీది?" అంది. చెప్పాను. "అబ్బ, మీకు ఖాయం," అంది మనస్ఫూర్తిగా. నేను ఆ పిల్ల కాలు చూశాను. సన్నగా, చేతికర్రంత ఉంది. దాన్ని చూసి నాకు కలిగింది జాలి కాదు. అసూయ. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

నా పేరు పిలిచారు. ఆడపిల్ల వెంట తల్లిని రానిచ్చారు. నాయన బయటే ఉండిపోయాడు. లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్నాయన పెద్దాయన, నెరిసిన మీసం. నడవమన్నాడు. నడిచాను. చెయ్యి మోకాలి మీదికి వచ్చింది, నడుం వదులైంది, తల ఎగిరింది. గోడదాకా పోయి తిరిగి వచ్చాను. జీవితంలో అంత బాగా ఏ పరీక్షా రాయలేదు. ఓరగా చూస్తే తలుపు దగ్గర అమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. సంతోషమో ఏడుపో తెలియలేదు.

"బల్ల మీద పడుకోమ్మా," అన్నాడు పెద్దాయన.

ఇది మేం అనుకోలేదు. నడిపిస్తారన్నాడు సార్, నడిచాం. నడక తర్వాత ఇంకోటి ఉంటుందని మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఆయన టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచాడు. పిక్కలు కొలిచాడు. పక్కాయన రాసుకున్నాడు. తర్వాత నన్ను బల్ల అంచున కూర్చోబెట్టి, ఎడమకాలు కిందికి వేలాడదీసి, చీలమండ పైన తన అరచెయ్యి పెట్టాడు. సరిగ్గా రాయి కట్టే చోట.

"నేను కిందికి నొక్కుతాను. నువ్వు నా చెయ్యిని పైకి నెట్టు. ఎంత బలముంటే అంత."

నాకు అప్పుడే అర్థమైంది. నెట్టకూడదు. కొంచెం నెట్టి, వణికించి, వదిలెయ్యాలి. అంతే చెయ్యాల్సింది. నెట్టాను, సగానికి. వణికించాను. కాలును వదిలెయ్యబోయాను.

"ఇంగా..." అని వినిపించింది తలుపు దగ్గర్నుంచి. "ఇంగొంచెం..."

అమ్మకు తెలియదు తను ఆ మాట అన్నట్టు. ఆమె నోరు దానంతటదే అంది. నా కాలు దానంతటదే విన్నది. డాక్టరు చెయ్యి పైకి లేచింది. ఆయన రెండోచెయ్యి కూడా వేసి నొక్కాడు. అదీ లేచింది. కాలు బల్లతో సమానంగా చాచుకొని, వణక్కుండా నిలబడింది.

పెద్దాయన నన్ను చూశాడు. తర్వాత అమ్మను చూశాడు. పాత కాగితం తీసి చదివాడు.

"నాలుగేళ్ళప్పుడు ఈ కాలు ఎత్తేదా అమ్మా?"

"లేదు సార్. చంకనేసుకొని తిరుగుతాంటి."

"మరి ఇంత బలం ఎట్లా వచ్చింది? ఎవరు చేయించారు?"

"నేనే సార్," అంది అమ్మ. అని ఊరుకోలేదు. పద్నాలుగేళ్ళలో ఆ సంగతి ఆమెను అడిగినవాళ్ళు లేరు. డాక్టరమ్మ చాప పరిచిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మా ఆయన రాళ్ళు చెక్కిచ్చినాడు సార్, ఉగాదికొకటి, మొత్తం పదమూడు, జ్వరమొచ్చినా మానలేదు సార్ అని చెప్పుకుంటూ పోయింది. ఆమె ముఖం అట్లా వెలగడం నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ముగ్గురు డాక్టర్లూ కదలకుండా విన్నారు. నేను ఆపలేకపోయాను.

"చాలా గొప్ప పని చేశావమ్మా," అన్నాడు పెద్దాయన. నావైపు తిరిగి మెల్లగా, "నడిచేటప్పుడు మాత్రం కాస్త ఎక్కువ కుంటావు," అన్నాడు. కోపంగా కాదు. తర్వాత రాశాడు. "ముప్పై ఆరు శాతం."

అమ్మ చేతులు జోడించింది. "అరవై ఉండింది సార్. ముప్పైయారు అంటే... తగ్గినట్టే గదా? మంచిదే గదా సార్?"

ఆయన కలం మూత పెట్టాడు.

"మంచిదేనమ్మా. కాలికి మంచిదే."

అమ్మకు అర్థం కావడం నేను చూశాను. ముందు చేతులు విడిపోయాయి. తర్వాత ఒక చెయ్యి నోటి మీదికి పోయింది. నేను బల్ల మీదున్నప్పుడు తను అన్న మాట ఆమెకు గుర్తొచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

బయట నాయన మా ముఖాలు చూసి సంచి భుజానికి తగిలించుకున్నాడు. సంధ్య లోపలికి పోయింది. ఆ పిల్లకు ఆ ఏడు సీటు వచ్చింది. ఇప్పుడు ఏదో ఊర్లో పిల్లల డాక్టరుగా ఉందని విన్నాను, మంచి పేరట. నేను నంద్యాలలో ఒక ల్యాబులో రక్తాలు తీస్తాను. చేతి నరం ఒక్కసారికే దొరకబుచ్చుకుంటానని పెద్దవాళ్ళు నన్నే అడుగుతారు. ఇంకో ఏడు రాయిద్దామని శ్రీనివాసులు సార్ ఫోన్ చేసినప్పుడు అమ్మ రిసీవరు నా చేతికిచ్చి బూతు బయటికి పోయి నిలబడింది. నేను వద్దన్నాను. తెల్లగుడ్డ ట్రంకుపెట్టెలోకే పోయింది. పదమూడు రాళ్ళను నాయన ఎవరో అడిగితే ఇచ్చాడో, పగలగొట్టాడో చెప్పలేదు. ఒకరోజు చూస్తే గోడవారన లేవు.

విజయవాడ నుంచి తిరిగి వచ్చిన రోజు మధ్యాహ్నం రెండు దాటింది. ఆళ్ళగడ్డ బస్టాండులో దిగాం. ఎండ మండిపోతోంది. అందరూ చూస్తుండగా నాయన నా ముందు వంగి, సంచిలోంచి కొయ్య చెప్పులు తీసి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ పని ఆయన ఎప్పుడూ ఇంట్లోనే చేసేవాడు. నేను తొడుక్కున్నాను. అంగుళం సమానమైంది.

ఇంటిదారి పట్టాం. నాలుగడుగులు వేశాక నాకు తెలిసింది, నేను కుంటుతున్నానని. చెయ్యి మోకాలి మీదుంది. తీశాను. రెండడుగులకు మళ్ళీ పోయి అక్కడే చేరింది. నెలన్నర పట్టుబట్టి నేర్చుకున్నది, చెబితే పోతుందా?

వెనకనుంచి మాట వస్తుందని చూశాను. రాలేదు. అప్పుడు గమనించాను. అమ్మ నా వెనక లేదు. ముందు నడుస్తోంది. చీరచెంగు తలమీద కప్పుకొని, ఎవర్నో అందుకోవాలన్నట్టు బిరబిరా పోతోంది. నేను పుట్టినప్పట్నుంచి ఆమె నా ముందు నడవడం అదే మొదటిసారి.

జయమ్మ తన అరుగు మీద కూర్చొని చూస్తోంది. వీధిలో ఇంకా ఎవరెవరో ఉన్నారు. నేను చెప్పు ఈడ్చి చప్పుడు చేశాను. అమ్మకు వినపడాలని కావాలనే ఇంకా ఒరిగి, తల ఎగరేసి, వాకిట్లో ఆమె నేర్పినట్టే అడుగు తప్పకుండా కుంటుతూ నడిచాను. ఒక్కసారి, ఒక్కసారి "సరిగ్గా" అంటుందేమోనని.

అమ్మ వెనక్కి తిరగలేదు.